నీళ్లలాంటి మందు, పాలలాంటి మందు

మనం తిన్న అన్నం కడుపులో చక్కెరగా మారుతుంది. ఆ చక్కెర నెత్తురులో కలుస్తుంది. అది ఒంటికి పట్టాలంటే ఇన్సులిన్ కావాలి. ఇన్సులిన్ కడుపులో క్లోమం అనే చోట తయారవుతుంది. అది తగ్గినా, సరిగా పనిచేయకపోయినా చక్కెర నెత్తురులోనే నిలిచిపోతుంది. దీన్నే మన ఊళ్లలో షుగరు అంటారు.

కొందరికి మాత్రలు సరిపోతాయి. కొందరికి ఇన్సులిన్ కావాలి. మింగితే ఇన్సులిన్ కడుపులోనే అరిగిపోతుంది. అందుకే సూది వేస్తారు.

"సూది పెట్టారంటే రోజులు దగ్గరపడ్డట్టే" అంటారు కొందరు. ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, ఉత్త అబద్ధం. 1921లో కెనడా దేశంలో బాంటింగ్, బెస్ట్ అనేవాళ్లు ఇన్సులిన్‌ను కనిపెట్టారు. 1922లో చావుకు దగ్గరైన 14 ఏళ్ల పిల్లవాడికి మొదటిసారి ఇచ్చారు. ఆ పిల్లవాడు ఇంకో 13 ఏళ్లు బతికాడు.

ఒక ఇంట్లో అత్తకు షుగరు. డాక్టరు రెండు సీసాలు రాశాడు. ఒకటి నీళ్లలా తేటగా ఉంది. రెండోది పాలలా తెల్లగా ఉంది.

"ఈ తెల్లది పాడైపోయినట్టుందే. అవతల పారెయ్" అంది అత్త.

"ఆగు అత్తా, నర్సమ్మను అడిగొస్తా" అని కోడలు రెండు సీసాలూ పట్టుకుని వెళ్లింది.

నర్సమ్మ చెప్పింది: "తేటది రెగ్యులర్. తిండికి అరగంట ముందు వెయ్యాలి. 6 నుంచి 8 గంటలు పనిచేస్తుంది. తెల్లది ఎన్.పి.హెచ్. మెల్లగా మొదలై సగం రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు పనిచేస్తుంది. అది తెల్లగానే ఉండాలి. అరచేతుల మధ్య పెట్టి మెల్లగా దొర్లించు. గట్టిగా కుదపకు. గడ్డలు కనిపిస్తే వాడకు. ఈ రెండూ కలిపిన సీసా కూడా ఉంది. దాని మీద 30/70 అని రాసి ఉంటుంది. అదీ తెల్లగానే ఉంటుంది."

"అయితే తేటగా ఉన్నవన్నీ ఒకటేనా?"

"కాదమ్మా. లిస్‌ప్రో, అస్పార్ట్ కూడా తేటగానే ఉంటాయి. పావుగంటలోనే పని మొదలుపెడతాయి. అవి వేసుకుని తినకుండా పొలం పోతే కళ్లు తిరిగి పడిపోతారు. గ్లార్జిన్ కూడా తేటదే. దాన్ని మామూలుగా రోజుకు ఒక్కసారే, ఒకే వేళకు వేస్తారు. వేరే మందుతో ఒకే సిరంజిలో కలపకూడదు. రంగు చూసి వెయ్యకు. పేరు చదివి వెయ్యి."

పేరు తర్వాత అంకె చూడాలి. మన దేశంలో సీసాలు ఎక్కువగా 40 రకం. దానికి ఎర్రమూత సిరంజి వాడాలి. 100 రకం కూడా ఉంది. దానికి నారింజరంగు మూత సిరంజి. 100 మందును 40 సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు ఎక్కువ మందు ఒంట్లోకి పోతుంది. ప్రాణానికే ముప్పు.

మందు ఎక్కువైనా, తిండి తప్పినా చెమటలు పడతాయి. చేతులు వణుకుతాయి. గుండె దడదడలాడుతుంది. వెంటనే 3 చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంటలో తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. తగ్గాక అన్నం పెట్టాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఫ్రిజ్ లేని ఇంట్లో సీసాను మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, నీళ్లున్న మట్టికుండలో ఉంచాలి. ఫ్రిజ్ ఉంటే ఐసు గడ్డకట్టే అరలో పెట్టకూడదు. ఒకసారి గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు.