కడబంతికి వడ్డన

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా కొరత ఉండదని తెలుగువారి నానుడి. పెళ్లి పందిట్లో పుట్టిన ఈ మాట ప్రభుత్వాల నడతకు కూడా వర్తిస్తుంది. వడ్డించేవాడికి కడబంతిలో అయినవారు లేనప్పుడు అక్కడ కూర్చున్నవారి గతి ఏమిటి? వంటకాలు అక్కడిదాకా చేరేటట్లు చూసే బాధ్యత ఎవరిది? అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పాఠశాల విద్యకు సంబంధించిన కేంద్ర శాసనాల చరిత్ర చాలావరకు ఈ ప్రశ్నలకు సమాధానం వెదకిన చరిత్రే.

అమెరికా రాజ్యాంగంలో విద్య అనే మాట ఎక్కడా కనిపించదు. కేంద్రానికి అప్పగించని అధికారాలు రాష్ట్రాలకు, ప్రజలకు చెందుతాయని పదవ సవరణ నిర్దేశించింది. అందువల్ల విద్య రాష్ట్రాల బాధ్యత అయింది. రాష్ట్రాలు ఆ బాధ్యతను చాలావరకు ‘పాఠశాల జిల్లాలు’ అనే స్థానిక విభాగాలకు అప్పగించాయి. ఇవి మన జిల్లాల వంటివి కావు. ఒక పట్టణమో, నగరంలో ఒక భాగమో ఒక పాఠశాల జిల్లా కావచ్చు. ఆ పరిధిలోని ఇళ్లమీద, భూములమీద విధించే ఆస్తిపన్ను ఈ జిల్లాలకు ముఖ్యమైన ఆదాయం. ఇళ్ల విలువ ఎక్కువైన చోట పన్ను రాబడి ఎక్కువ, బడికి అందే సొమ్ము ఎక్కువ. పేదలు నివసించే చోట రెండూ తక్కువే.

ఈ పద్ధతి ఫలితం ఎటువంటిదో టెక్సాస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియో నగర ప్రాంతం తేటతెల్లం చేస్తుంది. అక్కడి ఎడ్జ్‌వుడ్ జిల్లాలో అధిక సంఖ్యాకులు మెక్సికన్ సంతతికి చెందిన పేదలు. ఆలమో హైట్స్ జిల్లాలో అధిక సంఖ్యాకులు సంపన్నులైన శ్వేతజాతీయులు. 1967-68 విద్యా సంవత్సరంలో ఎడ్జ్‌వుడ్ ప్రజలు ప్రతి 100 డాలర్ల ఆస్తి విలువకు 1 డాలరు 5 సెంట్ల చొప్పున పన్ను చెల్లించారు. ఆలమో హైట్స్ ప్రజలు చెల్లించింది 85 సెంట్లు మాత్రమే. అయినా రాష్ట్ర నిధికి జమకట్టవలసిన వాటా పోగా, స్థానిక పన్ను నుంచి ఒక్కొక్క విద్యార్థికి ఎడ్జ్‌వుడ్‌లో 26 డాలర్లు, ఆలమో హైట్స్‌లో 333 డాలర్లు మిగిలాయి. రాష్ట్ర ప్రభుత్వం వరుసగా 222, 225 డాలర్లు ఇచ్చింది. కేంద్ర ప్రభుత్వం ఎడ్జ్‌వుడ్‌కు 108 డాలర్లు, ఆలమో హైట్స్‌కు 36 డాలర్లు ఇచ్చింది. అన్నీ కలిపితే ఎడ్జ్‌వుడ్ విద్యార్థికి 356 డాలర్లు, ఆలమో హైట్స్ విద్యార్థికి 594 డాలర్లు దక్కాయి. ఎక్కువ రేటున పన్ను కట్టిన తల్లిదండ్రుల పిల్లలకే తక్కువ సొమ్ము అందింది. మూడు చేతులు వడ్డించిన ఆ పందిట్లో కడబంతివైపు వంగిన చెయ్యి కేంద్రానిది ఒక్కటే. ఆ వంపు దానంతట అది వచ్చినది కాదు. 1965లో వెలువడిన ఒక శాసనం దానికి కారణం.

అంతకుముందు కేంద్రం విద్యను బొత్తిగా పట్టించుకోలేదని చెప్పరాదు. 1785 నాటి భూశాసనం ప్రతి 36 భాగాల భూమిలో ఒక భాగాన్ని బడుల పోషణకు కేటాయించింది. 1862 నాటి మోరిల్ చట్టం కళాశాలల స్థాపనకు రాష్ట్రాలకు భూములిచ్చింది. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ప్రయోగించగా, ఆ మరుసటి ఏడాదే విజ్ఞానశాస్త్రం, గణితం, విదేశీ భాషల బోధనకు నిధులిచ్చే చట్టం వెలువడింది. అయితే వీటిలో ఏదీ పేదపిల్లవాడి కోసం ప్రత్యేకంగా చేసినది కాదు.

1965 ఏప్రిల్ 11న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ప్రాథమిక, మాధ్యమిక విద్యా చట్టంపై సంతకం చేశారు. టెక్సాస్‌లో తాము బాల్యంలో చదివిన చిన్న బడి వద్ద, తమకు తొలి పాఠాలు చెప్పిన కేట్ డెడ్రిక్ లోనీ పక్కన కూర్చుని ఆయన ఆ పని చేశారు. జాన్సన్ కూడా ఒకప్పుడు ఉపాధ్యాయులే. 1928-29లో టెక్సాస్‌లోని కొటుల్లా అనే ఊరిలో మెక్సికన్ సంతతి పేదపిల్లలకు ఆయన చదువు చెప్పారు. ఆ పిల్లలు ఉదయం ఏమీ తినకుండానే ఆకలితో బడికి వచ్చేవారని 1965 మార్చిలో కాంగ్రెస్ ఎదుట చేసిన ప్రసంగంలో ఆయన గుర్తుచేసుకున్నారు.

ఈ చట్టంలో ‘టైటిల్ వన్’ అనే మొదటి భాగం ముఖ్యమైనది. ఒక జిల్లాలో పేద కుటుంబాల పిల్లలు ఎందరున్నారో లెక్కించి, ఆ లెక్కను బట్టి నిధులు ఇవ్వాలని అది శాసించింది. తొలి ఏడాదికి సుమారు 100 కోట్ల డాలర్లు దీనికి ఉద్దేశించారు. మత సంస్థల బడులకు ప్రజాధనం ఇవ్వవచ్చునా అనే వివాదం అంతకుముందు ఇటువంటి బిల్లులను అడ్డగించేది. సహాయం సంస్థకు కాదు, బిడ్డకు అనే సూత్రంతో 1965లో ఆ చిక్కు విడిపోయింది.

ఈ నిధులకు మరొక బలం కూడా తోడైంది. జాతి ప్రాతిపదికన బడులను వేరుచేయడం రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు 1954లో ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. పదేళ్లు గడిచినా దక్షిణ రాష్ట్రాలలో శ్వేతజాతి పిల్లలతో కలిసి చదివే నల్లజాతి పిల్లలు నూటికి ముగ్గురైనా లేరు. వివక్ష పాటించే సంస్థకు కేంద్ర నిధులు ఇవ్వరాదని 1964 నాటి పౌరహక్కుల చట్టం నిర్దేశించింది. మరుసటి సంవత్సరమే పెద్దమొత్తంలో నిధులు వచ్చాయి. నిధులు పోతాయనే భయం, కోర్టుల ఒత్తిడి కలిసి అనేక బడుల తలుపులు తెరిపించాయి.

అయితే వడ్డించమని చెప్పినంత మాత్రాన విస్తరి నిండదు. పేదపిల్లల పేరిట వచ్చిన సొమ్మును పలు జిల్లాలు సాధారణ ఖర్చులకు వాడుకుంటున్నాయని 1969లో పౌరహక్కుల సంస్థలు ఒక నివేదికలో వెల్లడించాయి. కేంద్రం ఇస్తున్నది కదా అని స్థానిక సొమ్మును తగ్గించుకుంటే పిల్లవాడికి ఒరిగేదేమీ ఉండదు. అందుకే కేంద్ర నిధి స్థానిక నిధికి అదనంగా ఉండాలే గాని దానికి బదులు కారాదనే నియమాన్ని కాంగ్రెస్ 1970లో చట్టంలో చేర్చింది.

కడబంతిలో ఉన్నది పేదలు మాత్రమే కాదని క్రమంగా బోధపడింది. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడని పిల్లల కోసం 1968లో ద్విభాషా విద్యా చట్టం వచ్చింది. అర్థంకాని భాషలో అందరికీ ఒకే పుస్తకం, ఒకే పాఠం ఇచ్చినంత మాత్రాన సమానత్వం కలగదని శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన చైనీయ విద్యార్థుల కేసులో 1974లో సుప్రీంకోర్టు తేల్చింది. 1975లో వికలాంగ బాలలందరికీ ఉచిత విద్య అందించాలనే చట్టం వెలువడింది. దానికయ్యే అదనపు వ్యయంలో, సగటు విద్యార్థి ఖర్చును ప్రమాణంగా తీసుకొని, 40 శాతం వరకు కేంద్రం భరిస్తుందని ఆ చట్టం ఆశ చూపింది. ఆ స్థాయి నిధులు ఏనాడూ రాలేదు. మాట కేంద్రానిది, భారం స్థానిక బడులది అయింది.

నిధులకు లెక్క చెప్పాలనే వాదం 1983 తరువాత బలపడింది. 2002 జనవరి 8న అధ్యక్షుడు జార్జి డబ్ల్యు. బుష్ ‘ఏ బిడ్డా వెనుకబడరాదు’ అనే అర్థమిచ్చే పేరుగల చట్టంపై సంతకం చేశారు. మూడవ తరగతి నుంచి ఎనిమిదవ తరగతి వరకు ఏటా, ఉన్నత పాఠశాలలో ఒకసారి పఠనంలోనూ గణితంలోనూ పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. 2014 నాటికి నూటికి నూరుమంది నిర్ణీత స్థాయిని అందుకోవాలని లక్ష్యం విధించారు. పేద, మైనారిటీ, వికలాంగ విద్యార్థుల ఫలితాలను విడివిడిగా ప్రకటించవలసి రావడం వల్ల సగటు మార్కుల చాటున దాగిన వెనుకబాటు బయటపడింది. ఇది ఆ చట్టం చేసిన మేలు. కాని ఫలితం చూపని బడులకు శిక్షలు పొంచి ఉండటంతో, పరీక్షలో అడగని చరిత్ర, కళలు, వ్యాయామం వంటివాటికి అనేక బడులలో సమయం తగ్గిపోయింది.

అక్షరాస్యత విషయంలోనూ ఇటువంటి పాఠమే ఎదురైంది. చిన్నతరగతులలో చదవడం నేర్పడానికి ‘రీడింగ్ ఫస్ట్’ అనే పథకం కింద తొలి సంవత్సరాలలో ఏడాదికి దాదాపు 100 కోట్ల డాలర్లు ఖర్చుచేశారు. చదివినది అర్థం చేసుకొనే శక్తిలో చెప్పుకోదగిన మెరుగుదల కనిపించలేదని 2008 నాటి ప్రభుత్వ అధ్యయనం తెలిపింది. చివరకు 2015 డిసెంబరులో అధ్యక్షుడు బరాక్ ఒబామా సంతకం చేసిన కొత్త చట్టం పరీక్షలను కొనసాగిస్తూనే, ఫలితాలపై చర్య తీసుకొనే అధికారాన్ని చాలావరకు రాష్ట్రాలకు తిరిగి అప్పగించింది.

మామూలు సంవత్సరాలలో అమెరికా పాఠశాలల మొత్తం ఆదాయంలో కేంద్రం వాటా దాదాపు పదోవంతు మాత్రమే. ఈ పదోవంతు సంపన్నుల బడికి చిల్లరతో సమానం. పేదల బడికి మాత్రం అది ఒక అదనపు ఉపాధ్యాయుడు, చదవలేని పిల్లవాడి పక్కన కూర్చునే ఒక సహాయకురాలు. అయినా ఈ వడ్డన శాశ్వతమని చెప్పడానికి వీలులేదు. ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రులు వేసిన వ్యాజ్యంలో, కేంద్ర రాజ్యాంగం ప్రకారం విద్య ప్రాథమిక హక్కు కాదని 1973లో సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో తీర్పునిచ్చింది. భారతదేశంలో 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ 6-14 ఏళ్ల బాలలకు విద్యను ప్రాథమిక హక్కుగా చేసింది. అమెరికాలో కేంద్రం నుంచి పిల్లవాడికి అందే సహాయం మాత్రం చట్టసభ నిర్ణయంపై ఆధారపడుతుంది. 1979 చట్టంతో ఏర్పడిన కేంద్ర విద్యాశాఖ మూసివేతకు చర్యలు తీసుకోవాలని 2025 మార్చిలో అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు. చట్టం నెలకొల్పిన శాఖను రద్దుచేయాలంటే కాంగ్రెస్ ఆమోదం అవసరం. విద్యలో కేంద్రం పాత్ర ఎంత ఉండాలనే వాదం అక్కడ ఎంత సజీవంగా ఉందో దీనివల్ల తెలుస్తుంది.

ఈ చరిత్ర తెలుగువారికి కేవలం పరాయిది కాదు. జాతి దేశాలను బట్టి వలసను అరికట్టిన పాత పద్ధతిని తొలగించిన చట్టంపై కూడా జాన్సన్ 1965లోనే సంతకం చేశారు. ఆ ద్వారం గుండా వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఎందరో అక్కడి ప్రభుత్వ బడులలో చదువుకున్నారు. ఇంట్లో తెలుగు మాత్రమే మాట్లాడి బడిలో అడుగుపెట్టిన చిన్నారికి ఇంగ్లీషు నేర్చుకోవడంలో ప్రత్యేక సహాయం లభించిందంటే, దాని వెనుక 1974 తీర్పు, దానికి ముందూ తరువాతా వచ్చిన శాసనాలు ఉన్నాయి.

చట్టం తలుపు తెరుస్తుంది, నిధి దారి వేస్తుంది, పరీక్ష లోపాన్ని చూపుతుంది. ఈ మూడింటిలో ఏదీ పిల్లవాడి చేత అక్షరం దిద్దించలేదు. ఆ పని ఉపాధ్యాయునిది. అయితే ఉపాధ్యాయుడు ఎంత సమర్థుడైనా అతని తరగతిలో పుస్తకాలు లేకపోతే, పిల్లలు ఆకలితో ఉంటే అతని శ్రమ సగం వృథా అవుతుంది. కడబంతి పిల్లవాడికి అన్నం చేరాలంటే వంట కావాలి, వడ్డించే చెయ్యి కావాలి, అతడు తిన్నాడో లేదో చూసే కన్ను కూడా కావాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా పంక్తి చివర విస్తరి ఖాళీగానే మిగులుతుంది.

అభ్యాసం

అ. ఒక వాక్యంలో సమాధానం రాయండి.
1. అమెరికా పాఠశాల జిల్లాలకు ముఖ్యమైన స్థానిక ఆదాయం ఏది?
2. జాన్సన్ ఏ ఊరిలో ఉపాధ్యాయునిగా పనిచేశారు?

ఆ. సంగ్రహంగా రాయండి.
1. ఎడ్జ్‌వుడ్, ఆలమో హైట్స్ జిల్లాల ఆదాయాలలోని వ్యత్యాసానికి కారణం ఏమిటి?
2. కేంద్ర నిధి స్థానిక నిధికి బదులు కారాదనే నియమం ఎందుకు అవసరమైంది?

ఇ. వివరంగా రాయండి.
1. ‘కడబంతికి వడ్డన’ అనే పేరు ఈ పాఠానికి ఎంతవరకు తగినదో చర్చించండి.