పటములోని హద్దు, పౌరుని హక్కు

తాడేపల్లిగూడెమునకు ఉత్తరమున నున్న మెట్ట చేలు మొదలుకొని నిడమర్రు మీదుగా కొల్లేటి లంకల వరకు వ్యాపించిన ఈ సీమలో, తమ చేను ఎన్ని ప్రభుత్వ పటములకు ఎక్కియున్నదో పెక్కుమంది రైతులు ఎరుగరు. చేని కొలతలు సర్వే, భూరికార్డుల శాఖవారి క్షేత్ర కొలతల పుస్తకములో (ఎఫ్.ఎం.బి.) నుండును, ప్రక్కనున్న పంటకాలువ, మురుగు కాలువ జలవనరుల శాఖవారి పటములలో నుండును, కొల్లేటి చేరువనైనచో అభయారణ్యపు హద్దు అటవీశాఖవారి వద్ద నుండును, పట్టణపు పొలిమేరలోనిదైనచో మాస్టర్ ప్లానులో దానికొక రంగు పడియుండును, వీనికి తోడు ఉపగ్రహ చిత్రముల నాధారముగా శాఖలకు పటములు సిద్ధపరచుటకు ఆంధ్రప్రదేశ్ అంతరిక్ష అనువర్తనాల కేంద్రము గలదు. ఈ పటములు ఒకదానితో నొకటి సరిపోలినంతవరకు చిక్కు లేదు. సరిపోలనినాడు మొదట నష్టపడువాడు ఆ నేలను నమ్ముకొని బ్రతుకువాడే. కావున పటమును చూచుటకు, ప్రతిని పొందుటకు, తప్పున్నచో గడువులోగా ఆక్షేపించుటకు చట్టము తనకిచ్చిన హక్కులను ప్రతి పౌరుడును ఎరిగియుండవలెను.

ఇందుకు కొల్లేరే ప్రబల నిదర్శనము. కృష్ణా గోదావరీ డెల్టాల నడిమి పల్లములో, బుడమేరు, తమ్మిలేరు మున్నగు ఏరుల నీటిని చేర్చుకొని ఉప్పుటేరు గుండ సముద్రమునకు పంపు ఈ సరస్సులో, సముద్రమట్టమునకు అయిదడుగుల ఎత్తున సాగు ప్లస్ అయిదు కాంటూరు రేఖను హద్దుగా గైకొని, సుమారు 308 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును ప్రభుత్వము 1999 అక్టోబరు 4 నాటి జీ.ఓ. 120 ద్వారా అభయారణ్యముగా ప్రకటించెను. కాంటూరు గట్టు కాదు, పాతిన రాయి కాదు, కంటికి కనబడు గీత కాదు; దానిని నేలమీద గుర్తించి, ఏ సర్వే నంబరులో ఎంత భాగము లోపల, ఎంత భాగము వెలుపల నున్నదో రైతునకు తెలియజెప్పుట అటవీ, రెవెన్యూ, సర్వే శాఖలు కలసి నెరవేర్చవలసిన కార్యము. 2006లో సుప్రీంకోర్టు ఉత్తర్వుల ననుసరించి హద్దు లోపలి చేపల చెరువుల గట్లను తెగగొట్టిన నాటినుండి జిరాయితీ (సొంత పట్టా) భూముల పరిహారపు ప్రశ్న నానుచునే వచ్చినది. హద్దు స్పష్టత కొరవడినచోట పక్షులకును రక్షణ చాలదు, ప్రజలకును నెమ్మది యుండదు.

వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972, సెక్షన్ 21 ప్రకారము, అభయారణ్యపు ఉద్దేశ ప్రకటన వెలువడిన పిమ్మట కలెక్టరు దాని ఎల్లలను వివరించు ప్రకటనను ప్రాంతీయ భాషలో ఆ చుట్టుపట్ల గ్రామములలో ప్రచురింపవలెను; హక్కుదారులు రెండు నెలలలోగా తమ హక్కును తెలుపుకొనవలెను. జిల్లాల ఎల్లలు మార్చునపుడును, 1974నాటి జిల్లాల చట్టము ననుసరించి ముసాయిదాపై ఆక్షేపణలకు 30 దినముల గడువు గలదు. అంతవరకు రెండు జిల్లాల రికార్డులలో చీలియున్న కొల్లేటి ప్రాంతములో కైకలూరు వైపు గ్రామములు 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లాలో చేరినదియు, తాడేపల్లిగూడెము భీమవరము కేంద్రముగా గల పశ్చిమగోదావరిలో నిలిచినదియు అట్టి ముసాయిదా మీదనే.

ఇక సొంత చేని మాట. ఎఫ్.ఎం.బి. ప్రతిని ఒకమారు చేతబట్టి చూడుడు: సర్వే నంబరు కొక పుట, చేని మూలనుండి మూలకు సాగిన గీత, ఆ గీతకు లంబముగా గట్టు వంపు వంపునకు తీసిన అడ్డకొలతలు. పాత పటములలో ఆ అంకెలు లింకులు. నూరు లింకులు ఒక గొలుసు, అనగా 66 అడుగులు. వేయి చదరపు లింకులు ఒక సెంటు. ఈ చిన్న లెక్క నేర్చినవాడు పటములోని విస్తీర్ణమును అడంగలులోని అంకెతో తానే సరిచూచుకొనగలడు. 2020 డిసెంబరు 21న ఆరంభమైన పునస్సర్వేలో డ్రోనులతోను, ఉపగ్రహ సంకేతముల నందుకొను యంత్రములతోను కొలిచి, పాత నంబర్లకు బదులు ఎల్.పి.ఎం. (లాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్ల నిచ్చుచున్నారు. కొన్నియెడల పలువురి భూములు ఒకే నంబరు క్రింద చేరుటచే విభజన చేయించుకొనవలసి వచ్చినది. కావున పాత ప్రతిని పారవేయక క్రొత్త పటముతో పోల్చి చూడవలెను.

1923నాటి సర్వే, హద్దుల చట్టము ప్రకారము, సర్వే అధికారి హద్దును నిర్ణయించి సంబంధితులకు నోటీసు నీయవలెను. ఆ నిర్ణయము సమ్మతము కానిచో నోటీసు అందిన మూడు నెలలలోగా అప్పీలు చేయవచ్చును. సర్వే ముగిసినదని సెక్షన్ 13 క్రింద ప్రకటన వెలువడినంతట ఆ రికార్డు హద్దు విషయమున నిశ్చయ ప్రమాణమగును. అటుపిమ్మట సెక్షన్ 14 ననుసరించి ప్రకటన తేదీనుండి మూడేండ్లలోగా సివిల్ కోర్టులో దావా వేయుటయే దారి. సర్వే నిర్ణయించునది హద్దును మాత్రమే. స్వత్వ వివాదమును తీర్చునది సివిల్ కోర్టు. స్వత్వ వివాదములను సివిల్ కోర్టునుండి తప్పించుచు 2023 అక్టోబరులో అమలులోనికి వచ్చిన భూమి హక్కుల (లాండ్ టైట్లింగ్) చట్టము 2024లో రద్దయినందున ఈ విషయమున సందేహమునకు తావు లేదు.

పటము చేతికి రానిచో సమాచారహక్కు చట్టము 2005 తోడ్పడును. మన రాష్ట్రమున గ్రామస్థాయి దరఖాస్తునకు రుసుము లేదు; మండలస్థాయిలో 5 రూపాయలు, పై స్థాయిలో 10 రూపాయలు; పటప్రతికి తయారీ ఖర్చు వేరుగా చెల్లింపవలెను. “ఫలానా గ్రామము, ఫలానా సర్వే నంబరునకు ఎఫ్.ఎం.బి. ధ్రువీకృత ప్రతిని, ఆ నంబరులో అభయారణ్యపు హద్దు సాగు తీరును చూపు పటప్రతిని ఇప్పింప ప్రార్థన” అని వ్రాసిన చాలును. పటము వేరొక శాఖ వద్ద నున్నదని దరఖాస్తును త్రోసిపుచ్చరాదు. సెక్షన్ 6(3) ప్రకారము అయిదు దినములలోగా ఆ శాఖకు బదిలీచేసి మీకు తెలుపవలెను. శాఖల పటములను ఒకదానితో నొకటి సరిపోల్చి సవరించు బాధ్యత ప్రభుత్వముదే యైనను, ఆ బాధ్యతను గుర్తుచేయుటకు సామాన్యుని చేతిలో ఇంతకంటె సులభమైన సాధనము లేదు. 30 దినములలో సమాధానము రానిచో మొదటి అప్పీలు, పిదప 90 దినములలోగా సమాచార కమిషనుకు రెండవ అప్పీలు గలవు. భద్రతా కారణమున కొంత భాగము మినహాయింపదగినదైనను తక్కిన భాగము నీయవలెనని సెక్షన్ 10 చెప్పుచున్నది. ప్రజాధనముతో తయారైన పటసమాచారము, రహస్యముగా వర్గీకరింపబడినది తప్ప, దేశ పౌరులకు అందుబాటులో నుండవలెనని కేంద్రప్రభుత్వము 2021 ఫిబ్రవరి 15న మార్గదర్శకములలో ప్రకటించియున్నది.

సర్వేయరు పొలమునకు వచ్చు దినమున మీరు గట్టుమీద నుండుడు, ఇరుగుపొరుగు రైతులను పిలువుడు, హద్దురాళ్లను చూపుడు. గ్రామసభలో ముసాయిదా పటమును చదువక సంతకము చేయకుడు. ఆక్షేపణను నోటిమాటతో వదలక, వ్రాతలో నిచ్చి, తేదీ వేసిన రసీదు గైకొనుడు. అప్పీలులోను, దావాలోను గడువులోగా మీరు మేల్కొనియుంటిరని నిరూపించునది ఆ రసీదే.