ఎండలో దూరపు పరుగు

1912 జూలై 14వ తేదీ మధ్యాహ్నము స్వీడన్ దేశపు స్టాక్‌హోం నగరములో మండుటెండలో ఒలింపిక్ మారథాన్ పరుగు జరిగెను. దూరము సుమారు 40 కిలోమీటర్లు. బయలుదేరిన 68 మందిలో దాదాపు సగముమంది గమ్యము చేరలేకపోయిరి. పోర్చుగల్ దేశస్థుడు ఫ్రాన్సిస్కో లాజరో దారిలో కూలిపోయి మరునాడు మరణించెను. అతడు ఒంటికి మైనము పూసికొని పరుగెత్తెనని చెప్పుదురు.

పరుగెత్తువాని కండరములు మిక్కిలి వేడిని పుట్టించును. ముఖ్యముగా చెమట ఆరుటవలన ఆ వేడి శరీరమును వీడును. మైనము చెమటను అడ్డగించును. ఉక్కపోతలోనైనచో చెమట కారునే గాని త్వరగా ఆరదు. అప్పుడు వేడి లోపలనే నిలిచి మెదడునకు హాని చేయును.

మీ గ్రామమున పరుగుపందెము పెట్టదలచినచో తెల్లవారుజామున ప్రారంభింపుడు. పాల్గొనువారు రెండు వారములు ముందునుండి క్రమముగా వేడికి అలవాటుపడవలెను. దాహమునకు తగినంత నీరు త్రాగవలెను. అతిగా త్రాగుటయు హానికరమే. దారిపొడవున నీరు, నీడ, గమ్యమువద్ద చల్లని నీటితొట్టి ఏర్పాటు చేయుడు.

ఎవరైనను తూలుచు, పొంతనలేని మాటలాడినచో పరుగు మాన్పించి, 108కి ఫోను చేయించి, తల పైకి పట్టుకొని వెంటనే మెడవరకు ఆ నీటిలో ఉంచుడు. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. ఆసుపత్రికి తరలించుటకు ముందే శరీరము చల్లబడవలెను.

ఎండ ముదిరినచో పందెము నిలిపివేయుట నిర్వాహకులకు చిన్నతనము కాదు.