మంద్రస్వరమును కాపాడుకొనుట: బాస్ గిటారు, ఎఫెక్ట్ పెడళ్లు



గత సంవత్సరము మన పాఠశాల వార్షికోత్సవమునకు ఒక విద్యార్థి తన అవ్వ పాడిన నాట్ల పాటను ఇంటిలోనే రికార్డు చేసి తెచ్చెను. వాని అన్న ఆ పాటకు బాస్ గిటారు వాయించెను. సెల్‌ఫోనులో విన్నవారందరును మెచ్చుకొనిరి. సభలోని పెద్ద స్పీకర్లలో వినిపింపగా, గిటారు నాదము బురబురమను రొదగా మారి, పాటకు ఆధారమే లేకపోయెను. సరిదిద్దుటకు వీలు చిక్కలేదు. ఏలయన, ఆ అన్న ఫజ్ పెడల్ గుండ వచ్చిన నాదమును మాత్రమే రికార్డు చేసి, పిమ్మట ఉద్యోగమునకై దూరపు పట్టణమునకు వెడలిపోయెను. గిటారును అతని వెంటనే పోయెను. అట్టి పొరపాటు మరల జరుగకుండుటకే ఈ పాఠము.

1. మంద్రస్వరము – అతిస్వరములు

1951లో అమెరికాలో లియో ఫెండరు ‘ప్రెసిషన్ బాస్’ అను వాద్యమును విక్రయమునకు తెచ్చిన పిమ్మట విద్యుత్ బాస్ గిటారు ప్రచారములోనికి వచ్చెను. దీనికి సామాన్యముగా నాలుగు తంత్రులుండును. మిక్కిలి లావైన తంత్రి సెకనునకు సుమారు 41 మారులు కంపించును. తక్కిన మూడును వరుసగా 55, 73, 98 మారులు కంపించును. ఈ సంఖ్యనే పౌనఃపున్యమందురు. దీనిని హెర్ట్జులలో చెప్పుదురు.

తంత్రిని మీటినప్పుడు 41 హెర్ట్జుల మూలస్వరముతో బాటు, సుమారు 82, 124, 165 హెర్ట్జుల నాదములును పుట్టును. వీనికి అతిస్వరములని పేరు. సెల్‌ఫోనులోని చిన్న స్పీకరు 41 హెర్ట్జుల నాదమును పలుకజాలదు. అయినను అతిస్వరములను విని, మన చెవి మూలస్వరమును తానే ఊహించుకొనును. పెద్ద స్పీకరులో అట్లు కాదు. అచ్చట మూలస్వరము నిజముగా ఉండవలెను.

2. పెడల్ చేయు పని

తంబురను శ్రుతి చేయువారు, తంత్రులు ఆనియుండు చెక్కపై ప్రతి తంత్రి క్రిందను ఒక నూలుపోగును జరుపుచుందురు. దానివలన అతిస్వరములు మేల్కొని నాదము గుమగుమలాడును. దీనినే జీవాళి యందురు. ఫజ్ పెడల్ మరియొక మార్గమున అతిస్వరములను పుట్టించును: అది విద్యుత్తరంగము యొక్క శిఖరములను కత్తిరించును.

ఈ నాదము ఒక యంత్రలోపమువలన వెలుగులోనికి వచ్చినది. 1961లో వెలువడిన ‘డోంట్ వర్రీ’ అను మార్టీ రాబిన్స్ పాటలో గ్రాడీ మార్టిన్ వాయించిన బాస్ నాదము, స్టూడియో పరికరములోని దోషముచే బురబురలాడెను. ఆ ధ్వనిని కోరినప్పుడు పుట్టించుటకు గ్లెన్ స్నోడీ అను ఇంజనీరు ఒక ఉపకరణమును రూపొందించెను. అది 1962లో మాయిస్ట్రో ఫజ్‌టోన్ అను పేర విక్రయమునకు వచ్చెను.

అయితే శిఖరములు కత్తిరింపబడినప్పుడు మీటు యొక్క దెబ్బ మెత్తబడును. పెక్కు ఫజ్ పెడళ్లలో మంద్రస్వరము కూడ పలుచబడును. మన విద్యార్థి పాటకు కలిగిన కీడు ఇదియే.

3. రెండు దారుల పద్ధతి

1965లో బీటిల్సు బృందము ‘థింక్ ఫర్ యువర్‌సెల్ఫ్’ అను పాటలో పాల్ మెకార్ట్నీ చేత ఫజ్ బాస్ వాయింపించెను. ఆ పాటలో మామూలు బాస్ నాదము కూడ వేరుగా కలదు. ఒకటి పునాది, రెండవది రంగు. మనమును ఇట్లే చేయవలెను.

(అ) గిటారు తీగను మొదట డి.ఐ. పెట్టెకు తగిలింపవలెను. దానినుండి ఒక దారి తిన్నగా ఆడియో ఇంటర్‌ఫేసునకును, రెండవ దారి పెడల్ గుండ అదే ఇంటర్‌ఫేసు రెండవ ద్వారమునకును పోవును. ఒకే ద్వారమున్నచో శుద్ధనాదమునే రికార్డు చేసి, ఫజ్‌ను పిమ్మట సాఫ్టువేరుతో చేర్చుకొనవచ్చును.

(ఆ) గట్టిగా మీటినప్పుడు సూచిక మైనస్ 12 డెసిబెళ్ల వద్ద నుండునట్లు చూడవలెను. అది సున్నను దాటినచో నాదము చిట్లును.

(ఇ) ఫజ్ దారిలో సుమారు 200 హెర్ట్జులకు దిగువనున్న నాదమును ఫిల్టరుతో తగ్గింపవలెను. మంద్రభారమును శుద్ధనాదమే మోయును.

(ఈ) మొదట శుద్ధనాదమును పాటకు తగినట్లు నిలిపి, పిదప ఫజ్‌ను కొద్దికొద్దిగా పెంచవలెను. పప్పులో ఇంగువవలె అది తెలిసిన చాలును.

(ఉ) రెండు దారులును ఒకే క్షణమున చేరవలెను. 100 హెర్ట్జుల తరంగము ఒక ఆవృత్తికి 10 మిల్లీసెకన్లు తీసికొనును. ఒక దారి 5 మిల్లీసెకన్లు ఆలస్యమైనచో, ఒకదాని శిఖరము మరియొకదాని పల్లములో పడి, ఆ స్వరము రద్దగును. కాన కంప్యూటరు తెరపై తరంగములను పోల్చి, వెనుకబడినదానిని ముందునకు జరుపవలెను.

4. పెడళ్ల వరుస

పెక్కు పెడళ్లు వాడునప్పుడు ఆక్టేవ్, కంప్రెసర్, ఫజ్, కోరస్, డిలే అను వరుస ప్రారంభకులకు అనుకూలము. ఆక్టేవ్ పెడల్ స్వరమును గుర్తించి దాని క్రింది స్థాయిని కల్పించును గనుక, దానికి కలుషితము కాని నాదము ముందుగా అందవలెను. కంప్రెసర్ హెచ్చుతగ్గులను సవరించును. 4:1 నిష్పత్తిలో, హద్దును 8 డెసిబెళ్లు మీరిన నాదము 2 డెసిబెళ్లు మాత్రమే మీరినట్లగును. కోరసును, డిలేను మంద్రముపై మితిమీరి వాడినచో స్వరములు అలుకుకొనిపోవును.

ఒక హెచ్చరిక. పెడళ్లు పెక్కింటికి 9 వోల్టుల విద్యుత్తు చాలును. కాని అడాప్టరు ధన, ఋణ ధ్రువములు తారుమారైనచో పెడల్ చెడిపోవచ్చును. తగిలించుటకు పూర్వమే రెంటి మీది గుర్తులను సరిచూడవలెను.

5. తుది పరీక్ష

పాట ముగిసిన పిమ్మట సెల్‌ఫోనులోను, ఇయర్‌ఫోనులలోను, పెద్ద స్పీకరులోను వినవలెను. ఒకమారు ఫజ్ దారిని పూర్తిగా ఆపి వినవలెను. అప్పుడును పాట నిలిచినచో పునాది గట్టిదని తెలియును.

తలిదండ్రులకు ఒక మనవి. పొరుగు భాషల నడుమ కాపురముండు మన యిండ్లలో అవ్వల పాటలు ఇంకను మిగిలియున్నవి. పిల్లలు వానికి గిటారు చేర్చిన తప్పులేదు. రంగు ఎప్పుడైనను పూయవచ్చును. పూసిన రంగును విడదీయుట కష్టము. కావున గొంతుకైనను, గిటారునకైనను, ఏ మార్పును చేయని శుద్ధప్రతి నొకదానిని తప్పక దాచియుంచుడు.

అభ్యాసము

1. సెల్‌ఫోనులో బాగుగా వినవచ్చిన బాస్ నాదము పెద్ద స్పీకరులో ఏల చెడవచ్చును?
2. తంబుర జీవాళికిని, ఫజ్ పెడలునకును గల పోలికను, భేదమును తెలుపుము.
3. 50 హెర్ట్జుల స్వరము రెండు దారులలో ఎన్ని మిల్లీసెకన్ల తేడాతో వచ్చినచో రద్దగును?
4. మీ యింటి పెద్దల పాట నొకదానిని రికార్డు చేసి, దాని శుద్ధప్రతిని వేరుగా భద్రపరచుము.