ఫిట్స్ తగ్గాయి, బాబు చదువు మాటేమిటి?

మా ఉచిత వైద్య శిబిరానికి మూడేళ్లుగా వస్తున్న ఒక తల్లి ఈ ఏడు కొత్త ఫిర్యాదుతో వచ్చింది. "డాక్టర్ గారూ, బాబుకి ఫిట్స్ బాగా తగ్గాయి. కానీ పిలిస్తే పలకడం లేదు. రెండో ఎక్కం గడగడా అప్పజెప్పేవాడు, ఇప్పుడు మధ్యలోనే ఆగిపోతున్నాడు. మాత్రలు మానెయ్యనా?" అని అడిగింది.

మందుల చీటీ చూశాను. మూడు రకాల మందులున్నాయి. కొత్తది చేర్చిన ప్రతిసారీ పాతది తగ్గించాల్సిన మాట ఎవరికీ గుర్తు లేనట్టుంది. మానెయ్యవద్దనే చెప్పాను. మూర్ఛ మందు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి విడవకుండా వచ్చి ప్రాణం మీదికి తెస్తాయి. అయినా ఆ తల్లి అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మీ విరాళాలతో నెలనెలా ఈ మందులే ఇస్తున్నాం కాబట్టి ఆ ప్రశ్న మనకూ చెందుతుంది.

తీవ్రమైన మూర్ఛ ఉన్న పిల్లల్లో బుద్ధి మందగించడానికి కారణం ఒక్కటే ఉండదు. పుట్టుకలోనే మెదడుకు తగిలిన దెబ్బ గానీ, జన్యులోపం గానీ ఉండవచ్చు. మాటిమాటికీ వచ్చే ఫిట్స్ వల్ల కావచ్చు. మందు వల్ల కావచ్చు. చాలాసార్లు ఇవన్నీ కలిసే ఉంటాయి.

ముందు మందుల సంగతి. చవకగా దొరికే ఫినోబార్బిటోన్ మన దేశంలో లెక్కలేనంత మందిని ఆదుకుంది. కానీ అది పిల్లల చురుకుదనాన్ని తగ్గించగలదు. అమెరికాలో జ్వరంతో ఫిట్స్ వచ్చిన పసివాళ్లలో కొందరికి ఈ మందు, కొందరికి మందు లేని ఉత్తుత్తి డోసు ఇచ్చి చూశారు. రెండేళ్లకు మందు వంతు వచ్చిన పిల్లల ఐక్యూ సగటున 8.4 పాయింట్లు తక్కువగా తేలింది. ఈ ఫలితాలు 1990లో వెలువడ్డాయి. ఆ పిల్లలది తీవ్రమైన మూర్ఛ కాదు, అందుకే ఆ తగ్గుదలను ఫిట్స్ మీదికి నెట్టడం కష్టం. టోపిరమేట్ వాడే కొందరికి మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. లెవెటిరాసెటమ్‌తో కొందరు పిల్లలు చిరాకుపడతారు, కొడతారు. ఇంట్లోవాళ్లు దాన్ని మొండితనం అనుకుని దండిస్తారు, పాపం.

అలాగని మందుకు భయపడి ఆలస్యం చేస్తే నష్టం ఇంకా పెద్దది. నెలల పిల్లల్లో వచ్చే వెస్ట్ సిండ్రోమ్ చూడండి. బిడ్డ తల వాల్చి, చేతులు చాచి, వరుసగా ఉలిక్కిపడుతుంది. కడుపునొప్పి అనో, దిష్టి అనో ఇంట్లో వారాలు గడిచిపోతాయి. 1841లో వెస్ట్ అనే ఇంగ్లండు వైద్యుడు తన సొంత కొడుకులో ఈ జబ్బును గమనించి రాశాడు, అందుకే ఆ పేరు. చికిత్స ఎంత ఆలస్యమైతే నాలుగేళ్ల వయసులో ఎదుగుదల అంత తక్కువగా ఉందని బ్రిటన్‌లో జరిగిన అధ్యయనం చూపింది. ఇక్కడ వాడే స్టెరాయిడ్ మాత్ర ఖరీదైనది కాదు. మనం పోగొట్టుకుంటున్నది సమయం.

రెండు మూడు మందులకూ లొంగని మూర్ఛ అయితే ఆపరేషన్ పనికొస్తుందేమో చూపించాలి. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో ఇలాంటి పిల్లల్లో 57 మందికి శస్త్రచికిత్స చేశారు, 59 మందికి మందులే కొనసాగించారు. ఏడాది తర్వాత ఆపరేషన్ అయినవారిలో 77 శాతం మందికి ఫిట్స్ లేవు. మందులవారిలో 7 శాతమే. ప్రవర్తన మెరుగైంది, తమ పనులు తాము చేసుకునే తీరు, బతుకు తీరు బాగుపడ్డాయి. కానీ ఐక్యూ పరీక్షలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా ఆపరేషన్ అయినవారిలో 15 మందికి ఒక పక్క చేయీ కాలూ బలహీనపడ్డాయి. కొన్ని రకాల ఆపరేషన్లలో ఇలా జరుగుతుందని ముందే తెలుసు.

ఐక్యూ పెరగలేదని పెదవి విరవనక్కర్లేదు. ఏళ్ల తరబడి తరగతికి దూరమైన బిడ్డకు ఒక్క ఏడాదిలో అంతా వచ్చెయ్యదు. ఫిట్స్ ఆగడంతో నేర్చుకునే వీలు కలుగుతుంది. నేర్పేవాళ్లు వేరే ఉండాలి. మన దగ్గర సాయం మాత్రం మందుల షాపు బిల్లుతో ఆగిపోతోంది. మందు మొదలుపెట్టే ముందొకసారి, తర్వాత ఏడాదికొకసారి సైకాలజిస్టుతో పరీక్ష చేయించడం, స్పీచ్ థెరపీ, బడిలో టీచరుతో ఒక మాట, వీటికి ఖర్చు కావాలి. ఈ పద్దు మన లెక్కల పుస్తకంలో ఇంతవరకు లేదు. వచ్చే ఏడాది చేర్చాలని కమిటీని కోరాను.

ఆ బాబును పిల్లల న్యూరాలజిస్టుకు చూపించాం. ఒక మందును కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పూర్తిగా ఆపడానికి నాలుగు నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి, తల్లి బెదిరింది కానీ నిలబడింది. ఇప్పుడు పిలిస్తే తిరిగి చూస్తున్నాడు. ఎక్కం ఇంకా పూర్తిగా రాలేదు.