పక్షవాతం తరువాత ఇంటి నడక

పక్షవాతం వచ్చిన తండ్రిగారినో, తల్లిగారినో వెస్ట్‌మీడ్ ఆసుపత్రి నుండి పారమట్టాలోని ఇంటికి తీసుకువచ్చిన నాడు మన కుటుంబాలలో వినిపించే మొదటి మాట, "మీరు లేవకండి, అన్నీ మేము అందిస్తాము" అన్నది. ఈ ఆప్యాయతలోనే ఒక ప్రమాదం దాగి ఉన్నది. వాడకం లేని కాలు మరింత బలహీనపడుతుంది. అర్ధరాత్రి పిల్లలను లేపడం ఇష్టం లేక ఆ పెద్దవారు ఒంటరిగా స్నానాలగదికి బయలుదేరినప్పుడు, బరువు మోయవలసినది ఆ కాలే.

మెదడులో దెబ్బతిన్న భాగాన్ని బట్టి పడిపోవడానికి కారణాలు మారుతాయి. కొందరికి పాదం ముందుభాగం పైకి లేవదు. తివాచీ అంచు చాలు, వేళ్ళు తగులుకుంటాయి. కొందరికి కన్ను బాగానే ఉన్నా ఎడమవైపు ఉన్నది మనసుకు అందదు. గుమ్మం భుజానికి తగిలిన తరువాతనే తెలుస్తుంది. నడుస్తూ మాటకు బదులు చెప్పడం సైతం కొందరికి శక్తికి మించిన పని. కనుక నడుస్తున్నవారిని వెనుకనుండి పిలవరాదు. (మన పెద్దలు ఈ మాట చెప్పినది వేరే కారణానికి లెండి!)

వ్యాయామం ఒక్కటే చాలునా? న్యూ సౌత్ వేల్స్‌లో పక్షవాతం నుండి కోలుకొంటున్నవారి సంఘాలలో 151 మందితో కేథరిన్ డీన్ బృందం జరిపి 2012లో ప్రకటించిన పరిశోధనలో, కాళ్ళకు వ్యాయామం చేసినవారి నడక మెరుగుపడినది గాని పడిపోవడం తగ్గలేదు. సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన లిండీ క్లెమ్సన్ బృందం మరొక దారి పట్టినది. వ్యాయామాన్ని దినచర్యలో కలపడం, ఇంటిలోని ప్రమాదాలను తొలగించడం, వీధిలో నడవడానికి తర్ఫీదునివ్వడం, ఈ మూడింటినీ జోడించినది. 2025లో వెలువడిన ఫలితాలలో పడిపోవడం సుమారు మూడవవంతు తగ్గినది.

మన ఇళ్ళలో ఇది ఎట్లా? వంటింటి గట్టు దగ్గర నిలబడి కూరలు తరగవచ్చు. కుర్చీలోనుండి చేతుల ఊతం తగ్గించుకొంటూ లేవవచ్చు. ఎవరు ఎంతవరకు చేయవచ్చునో ఫిజియోథెరపిస్టు నిర్ణయించాలి. స్నానాలగది నేలంతా నీళ్ళు కుమ్మరించే మన అలవాటు మానక తప్పదు. తువ్వాలు వేసే కడ్డీ మనిషి బరువుకు ఆగదు. గోడకు గట్టిగా బిగించిన పట్టుకమ్మీ కావాలి. నేల జీరాడే లుంగీ, హవాయి చెప్పులు పనికిరావు.

పడినవారిని చచ్చుబడిన చేయి పట్టి లాగితే భుజం కీలు దెబ్బతింటుంది. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారికి తలకు దెబ్బ తగిలితే, పైకి మామూలుగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

మరొక సంగతి. కొడుకు దుబాసీగా కూర్చున్నచోట తండ్రి తాను తూలిపడిన విషయం వైద్యునికి చెప్పడు. ప్రభుత్వ ఆసుపత్రులలో దుబాసీని ఉచితంగా కోరవచ్చు. ఆ పది నిమిషాలు కొడుకు బయట కూర్చోవడమే మంచిది.