చెరువు కట్టకు గాలి దెబ్బ

చెరువు తెగిందని వినగానే వరదకు తెగిందనుకుంటాము. కాని చాలచోట్ల వరద రాకముందే గాలి కట్టను లోపలి వైపున కొంత తిని వుంటుంది. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ముదిగుబ్బ సీమలో చెరువుకు అలల భయమేమిటని కొందరు రైతులు నవ్వవచ్చును. రామగిరి కొండల మీద గాలిమరలను త్రిప్పే గాలియే నిండిన చెరువు మీద కూడా వీస్తుందని మరువరాదు.

అల బలం ఎంత?

గాలి నీటి మీద అడ్డు లేకుండా ఎంత దూరం సాగితే అల అంత పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలి 2 కిలోమీటర్ల నీటి మీద సాగితే, ఇంజనీర్లు వాడే సూత్రం ప్రకారం సుమారు 80 సెంటీమీటర్ల అల, అనగా రెండున్నర అడుగుల అల లేవవచ్చును. చెరువు లోతు 2 మీటర్లయితే, అదే గాలి త్రోపుడుకు కట్ట వద్ద నీటి మట్టం పెరిగేది బెత్తెడు మాత్రమే. కాబట్టి మట్టం పెరుగుట కంటె అల కట్ట మీదికి ఎగబ్రాకుటే ఎక్కువ ప్రమాదం.

అల కొట్టినపుడు మట్టి వదులవుతుంది. వెనుకకు మళ్లేటప్పుడు అల ఆ మట్టిని ఈడ్చుకొనిపోతుంది. నీరు ఒకే మట్టంలో నిలిచిన రోజులలో అక్కడ మెట్టువలె కోత పడి, పై మట్టి ఆధారం లేక విరిగి పడుతుంది. ఇట్లు సన్నబడిన కట్ట పైనుంచి నీరు పొర్లిందంటే వెలుపలి వాలు కోసుకొనిపోయి గండి పడుతుంది.

మన కట్టలకు మరొక చిక్కు కలదు. ఏండ్ల తరబడి ఎండిన కట్టలో నెఱ్ఱెలు, ఎలుక బొరియలు, చెదపుట్టలు వుంటాయి. ఇటీవలి సంవత్సరాలలో ఈ సీమలో కొన్ని చెరువులను హంద్రీ-నీవా కాలువ నీటితో నింపుతున్నారు. ఎక్కువ కాలం నిండుగా వుండే చెరువు కట్ట ఎక్కువ కాలం అలల దెబ్బ తింటుంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు వద్ద 1369 నాటి శాసనం చెరువుకు ఆరు దోషాలను చెప్పినది. కట్ట నుండి నీరు ఊరుట వానిలో ఒకటి.

చేయవలసిన పనులు

1. నైరుతి ఋతుపవన కాలంలో గాలి పడమర, నైరుతి దిక్కుల నుండి వీస్తుంది. కనుక చెరువుకు తూర్పున, ఈశాన్యాన వున్న కట్ట భాగాన్ని ముందుగా చూడవలెను. తుఫాను గాలి దిక్కు వేరుగా వుంటుంది కాబట్టి తక్కిన భాగాన్ని కూడా విడువరాదు.

2. లోపలి వాలున వట్టి మట్టి మీద రాళ్లు పేర్చరాదు. క్రింద గరుసు పొర పరచి, దానిపై రాళ్లను బిగువుగా పేర్చవలెను. గరుసు లేకపోతే అల రాళ్ల సందులలోనుంచి మట్టిని లాగివేస్తుంది.

3. వెలుపలి వాలున గరిక, వట్టివేరు పెంచవలెను. కట్ట మీద కంపచెట్లను, పెద్ద చెట్లను పెరగనీయరాదు. వాని వేళ్లు కుళ్లితే నీటికి దారి ఏర్పడుతుంది.

4. పూడిక మన్ను తీసేటప్పుడు కట్ట పాదం వద్ద త్రవ్వరాదు.

5. మరవ మీద ఇసుక మూటలు వేసి నీటి మట్టం పెంచరాదు. మరో రెండు మళ్లు పారుతాయన్న ఆశతో కొందరు ఈ పని చేస్తారు. మరవకు, కట్ట తలకు మధ్య విడిచిన ఎత్తు వృథా కాదు. అది అలకు విడిచిన చోటు. దానిలో ఒక అడుగు నీటితో నింపితే క్రింది ఆయకట్టు అంతటినీ, ఊరినీ పణంగా పెట్టినట్లే.

6. చెరువు నిండి వుండగా కోత కనిపిస్తే కంప మోపులు కట్టి కోత మీద పరచి, మేకులు దిగగొట్టి, ఇసుక మూటలతో అణచవలెను. వెంటనే జలవనరుల శాఖ వారికి తెలుపవలెను.

గండి పడిన తరువాత ఊరంతా కలిసి పూడ్చవచ్చును గాని, పోయిన నీరు ఆ సాలుకు మరల రాకపోవచ్చును. కనుక ప్రతి వేసవిలోను, చెరువు ఎండి వున్నపుడే, నీటి వినియోగదారుల సంఘం వారితో కలిసి కట్ట లోపలి వాలు వెంట ఈ కొసనుండి ఆ కొసకు నడచి చూడండి. మెట్టువలె కోత వున్న ప్రతిచోటా గురుతు పెట్టి, తొలి వానలకు ముందే బాగుచేయించండి.